చెవిలో నీళ్ళ చప్పుడు

ఆయన మా వార్డులోకి రాకముందే ఆయన భార్య గొంతు వచ్చింది. స్ట్రెచర్ ఇంకా వరండా మలుపులో ఉండగానే "చెయ్యి లోపల పెట్టుకో! లోపల!" అని ఎవరో ఆడమనిషి అరుస్తుంటే, ఏదో గొడవ జరుగుతోందనుకొని నేను బయటికి వచ్చాను. గొడవేమీ లేదు. స్ట్రెచర్ కడ్డీకీ తలుపుకీ మధ్య భర్త వేళ్ళు నలిగిపోతాయేమోనని ఆమె భయం. ఆయనకు చెవుడు. మనిషి మాత్రం ఆమె ముఖంలోకి చూస్తూ, తనేం తప్పు చేశాడో తెలియనట్టు బిక్కమొహం వేసుకొని ఉన్నాడు.

నేనప్పుడు మత్తు వైద్యంలో పీజీ చదువుతున్నాను. ఊరి పేరు చెన్నై అని మార్చిన కొత్త. బోర్డులు మారుతున్నాయి గానీ మా నోళ్ళలో ఇంకా మద్రాసే ఉండేది. సౌకార్‌పేటలో మా నాన్నకు స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు ఉండేది. తరతరాలుగా ఆ వీధుల్లోనే ఉన్నా ఇంట్లో మాది తెలుగే. ఇల్లు దాటి ఆసుపత్రికి వెళ్తే తమిళం, ఇంగ్లీషు. అందుకని ఆ అరుపులో మా ఇంటి తెలుగు వినగానే కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి.

ఆయన పెరంబూరులో ఒక ప్రైవేటు షెడ్డులో ఇనుప రేకులు కొట్టే మేస్త్రీ. వయసు యాభై దాటి ఉంటుంది. చిన్న పేగులో పుండు పడి, అది చిల్లు పడితే సర్జన్లు ఆపరేషన్ చేశారు. కుట్టిన చోట మళ్ళీ కారడం మొదలైంది. నోటితో నీళ్ళ చుక్క కూడా ఇవ్వకూడదు, పేగుకు విశ్రాంతి కావాలి. తిండీ నీళ్ళూ అన్నీ రక్తనాళాల ద్వారానే వెళ్ళాలి. కానీ అప్పటికే సీసాల మీద సీసాలు ఎక్కించి రెండు చేతుల నరాలూ గట్టిపడి తాళ్ళలా అయిపోయాయి. పాదం మీద ఒకే ఒక్క సన్నని సూది మిగిలి ఉంది. అది కూడా ఆయన కాలు కదిపితే ఆగిపోయేది.

అలాంటప్పుడు చేసే పని సెంట్రల్ లైన్ వేయడం. కాలర్ ఎముక కింద సూది గుచ్చి, అక్కడి పెద్ద సిరలోకి సన్నని తీగ పంపి, ఆ తీగ మీదుగా మెత్తని గొట్టం ఒకటి లోపలికి తోస్తారు. గొట్టం కొస గుండెకు కాస్త పైన, ఒంటి పైభాగంలోని మురికి రక్తమంతా వచ్చి చేరే పెద్ద సిరలో నిలబడాలి. అక్కడ ప్రవాహం జోరుగా ఉంటుంది కాబట్టి ఎంత చిక్కని గ్లూకోజైనా, ఎంత ఘాటు మందైనా వెంటనే కలిసిపోతుంది. కొస వేరే చోటికి పోతే ఆ మందే సిరను కాల్చి, రక్తం గడ్డకట్టేలా చేస్తుంది. లోపల గొట్టం ఏ దారి పట్టిందో పైనుంచి కనపడదు. కనుక ఎక్స్‌రే తీసి చూశాకే అసలు సీసా తగిలించాలని మాకు నేర్పారు.

మా ప్రొఫెసర్ తమిళాయన. చెయ్యి చాలా మంచిది. ఆయన సూది పట్టుకుంటే మేమంతా చుట్టూ మూగి చూసేవాళ్ళం. ఆ రోజు నన్ను పిలిచి, "మీవాళ్ళేగా, జరిగేదేమిటో ఆయనకు చెప్పు. మధ్యలో కదిలాడంటే కష్టం" అన్నారు.

నేను మేస్త్రీ దగ్గరకు వెళ్ళి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన నా పెదవులనే చూస్తూ తలూపాడు. విన్నాడో లేదో నాకు అర్థం కాలేదు. ఆయన భార్య నన్ను పక్కకు జరిపి, ఆయన చెవి దగ్గర వంగి, "ఈడ సూది ఏస్తారంట! కదలగూడదంట!" అని అరిచింది. పక్క మంచాల వాళ్ళు లేచి కూర్చున్నారు. ఆయన దానికీ అలాగే తలూపాడు.

"వినపడిందంటారా?" అని అడిగాను.

"యాడ వినపడతాది డాక్టరమ్మా! ఆ షెడ్డులో రేకులు కొట్టీ కొట్టీ చెవులు పోయినాయి. నేను చెప్పేది చెప్తా, ఆయన ఊపేది ఊపతాడు. ఇట్టనే గడిచిపోయింది మా కాపరం" అంది. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె గొంతు తగ్గలేదు. ఏళ్ళ తరబడి అరిచీ అరిచీ మామూలు గొంతు మర్చిపోయినట్టుంది.

నేను ఆయనకు సైగలతోనే చెప్పాను. కాలర్ ఎముక కింద వేలు పెట్టి చూపించాను. సూది చూపించాను. అరచెయ్యి చాపి, కదలొద్దన్నట్టు ఆపాను. ఆయన అన్నీ చూసి, నా చెయ్యి పట్టుకొని, "సరే పాపా" అన్నాడు. గొంతు మెత్తగా ఉంది. చెవిటివాళ్ళు గట్టిగా మాట్లాడతారనుకునేదాన్ని. ఈయన అలా లేడు.

మంచం తలవైపు దించి, భుజాల మధ్య మడిచిన తువ్వాలు పెట్టి, ఆయన తల ఎడమకు తిప్పించాం. ముఖం మీద ఆకుపచ్చ బట్ట కప్పారు. నేను ఎడమ పక్కన వంగి, బట్ట అంచు ఎత్తి పట్టుకొని ఆయన కళ్ళు చూస్తూ కూర్చున్నాను. ప్రొఫెసర్ మత్తు సూది వేసి, పెద్ద సూది గుచ్చారు. మొదటి ప్రయత్నంలోనే నల్లని రక్తం వచ్చింది. తీగ వెళ్ళింది, గొట్టం వెళ్ళింది, కుట్టు వేశారు. చివరికి గొట్టం మూసుకుపోకుండా సిరంజితో ఉప్పునీళ్ళు ఎక్కించారు. సరిగ్గా అప్పుడు ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

"నీళ్ళు" అన్నాడు.

దాహమనుకున్నాను. నోటితో ఏమీ ఇవ్వకూడదు కదా, పెదవులు తడిపితే చాలునని దూది అందుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, "చెవిలో. చెవిలో నీళ్ళు పోతా ఉండాయి" అన్నాడు.

నేను ప్రొఫెసర్‌కు చెప్పాను. చర్మం తుడిచిన మందు చెవిలోకి కారి ఉంటుంది, తుడవమన్నారు. బట్ట తీసి చూశాను. చెవి పొడిగానే ఉంది. దూది లోపలికి పెట్టి తీసినా తడి అంటలేదు. ఈలోగా తెర బయట ఉన్న ఆయన భార్య లోపలికి వచ్చింది. సంగతి చెబితే నవ్వేసింది.

"ఆయనకి చెవుడు గదమ్మా, ఏం వినిపిస్తాది? ఎప్పుడూ లోపల ఏందో మోగతానే ఉంటాది అంటా ఉంటాడు. సుమ్మా, ఊరికే విడిచిపెట్టండి."

మాకందరికీ ఆ మాట సబబుగానే తోచింది. అంత చప్పుళ్ళలో పనిచేసినవాళ్ళకు చెవుల్లో హోరు ఉండటం మామూలే. ప్రొఫెసర్ గొట్టంలోంచి మరోసారి రక్తం లాగి చూశారు. హాయిగా వచ్చింది. "ఫిల్మ్ తీయించు, చూసుకొని సీసా పెట్టు" అని నాకు చెప్పి ఆపరేషన్ థియేటర్‌కు వెళ్ళిపోయారు.

ఎక్స్‌రే మిషన్ పై అంతస్తులో ఎక్కడో ఉంది. మంచం దగ్గరకు తోసుకొచ్చే మిషన్ అదొక్కటే. మధ్యాహ్నం దాకా రాదన్నారు. ఇక్కడ చూస్తే ఆయన నాలుక అట్టకట్టి ఉంది. పాదంలోని సూది నత్తనడక నడుస్తోంది. సిస్టర్ చిక్కని గ్లూకోజు సీసా సిద్ధం చేసి తెచ్చి స్టాండుకు తగిలించింది. గొట్టానికి కలపడమే తరువాయి.

"రక్తం బాగానే వచ్చింది కదా డాక్టర్. ఫిల్మ్ వచ్చేదాకా ఆగాలా?" అంది సిస్టర్. ఆమె కోపంగా ఏమీ అనలేదు. ఎండిపోయిన మనిషిని చూసి ఎవరైనా అడిగే మాటే అది.

నాకూ కలిపేయాలనే ఉంది. కానీ ఆ "నీళ్ళు" అన్న మాట మనసులోంచి పోలేదు. ఎప్పుడూ ఉండే హోరైతే ఆయన దాన్ని నీళ్ళు అనడు. అలవాటైన చప్పుడుకు కళ్ళు అంత పెద్దవి కావు. పైగా సిరంజి నొక్కిన క్షణానే అన్నాడు.

ఒకసారి పరీక్షించి చూద్దామనిపించింది. చప్పుడు వినిపిస్తే వేలు ఎత్తమని ఆయనకు సైగ చేసి చూపించాను. సిరంజి ఆయనకు కనపడకుండా నా చెయ్యి దుప్పటి చాటున పెట్టుకొని కొద్దిగా ఉప్పునీళ్ళు నొక్కాను. వేలు లేచింది. ఆపాను. వేలు దిగింది. ఊరికే కాసేపు కూర్చున్నాను. నొక్కుతున్నట్టు భుజం కదిపాను గానీ నొక్కలేదు. వేలు కదలలేదు. మళ్ళీ నిజంగా నొక్కాను. వేలు లేచింది.

"ఏ చెవి?" అని నా రెండు చెవులూ తాకి చూపించాను. ఆయన కుడి చెవి ముట్టుకున్నాడు. గొట్టం వేసింది కుడివైపే. ఆ పక్క మెడ సిర చెవి కిందనుంచే దిగి వస్తుంది.

సిస్టర్ గ్లూకోజు సీసా స్టాండు మీంచి తీసేసింది. ఆయన భార్యకు మాత్రం అది నచ్చలేదు.

"అంత కష్టపడి ట్యూబు ఏసినారు, సీసా వచ్చింది, మళ్ళా తీస్తా ఉండారే! మనిషి ఎండిపోతా ఉండాడు కనపళ్ళేదా?" అని నా మీదకు వచ్చింది.

"ట్యూబు పోవాల్సిన చోటికి కాకుండా పైకి, మెడలోకి పోయినట్టుందమ్మా. ఆ సీసా పెడితే మెడ నరం దెబ్బతింటాది. ఫోటో వచ్చేదాకా ఈ కాలి సూదితోనే ఎక్కిస్తాం" అన్నాను. నా నోట్లోకి కూడా మా ఇంటి తెలుగే వచ్చింది.

"ఎట్ట తెలిసింది మీకు?"

"ఆయనే చెప్పినాడు."

ఆమె భర్త వైపు చూసింది. ఆయన కాలు కదలకుండా రెండు చేతులతో పాదం పట్టుకొని మంచం చివర కూర్చుంది. ఎక్స్‌రే మిషన్ వచ్చేదాకా అలాగే పట్టుకొని ఉంది.

నేను థియేటర్ దగ్గరకు వెళ్ళి, రెండు ఆపరేషన్ల మధ్య ప్రొఫెసర్ చేతులు కడుక్కుంటుంటే విషయం చెప్పాను.

"రక్తం వచ్చిందిగా" అన్నారు.

"వచ్చింది సార్. మెడ సిరలో ఉన్నా అలాగే వస్తుంది కదా."

ఆయన కుళాయి కట్టేశారు. "ఏ చెవన్నాడు?"

"కుడి."

తడి చేతులతోనే నా వైపు తిరిగారు. "ఇలా ఉంటుందని ఎవరో అంటే విన్నాను, ఎప్పుడూ నమ్మలేదు. ఫిల్మ్ రానీ. ఏమీ పెట్టకు. నేను వస్తా" అన్నారు.

ఫిల్మ్ తడి ఆరకుండానే క్లిప్పుకు తగిలించి తెచ్చారు. నీళ్ళు కారుతున్న దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాం. తెల్లని సన్నని గీత భుజం దగ్గర మొదలై, కాలర్ ఎముక వెంట లోపలికి వచ్చి, కిందికి దిగాల్సిన చోట పైకి తిరిగింది. కొస మెడలో, దవడ దరిదాపుల్లో ఉంది. ప్రొఫెసర్ దాన్ని చాలాసేపు చూశారు. ఎంత నేర్పుగల చేతికైనా ఇది జరుగుతుంది. లోపల సిరలు కలిసే చోట తీగ ఏ దారిన పోతుందో వేళ్ళకు తెలియదు. ఆయనకు అది తెలుసు, మాకూ తెలుసు. అయినా ఆయన నేరుగా మేస్త్రీ మంచం దగ్గరకు వెళ్ళి, ఫిల్మ్ ఆయనకు చూపించి, గీతను వేలితో చూపి, ఆయన కుడి చెవి తాకి, "మీరు చెప్పింది నిజం" అని తమిళంలో అన్నారు. ఆయనకు వినపడలేదు గానీ అర్థమైంది. ఇబ్బందిగా నవ్వాడు.

మళ్ళీ అంతా మొదటి నుంచి. చర్మం శుభ్రం చేసి, గొట్టంలోంచి తీగ పంపి, పాత గొట్టం తీసేశారు. ఈసారి తల ఎడమకు కాకుండా కుడికి తిప్పించి, గడ్డం భుజానికి ఆనేలా వంచారు. మెడలోకి పోయే దారి మూసుకుపోవడానికి నన్ను కాలర్ ఎముకకు పైన వేళ్ళతో నొక్కి పట్టుకోమన్నారు. చేతి తొడుగు కింద ఆయన మెడ వెచ్చగా, పల్చగా ఉంది. తీగను కాస్త వెనక్కి లాగి మళ్ళీ పంపారు. కొత్త గొట్టం దాని మీదుగా జారింది. సిరంజి నొక్కుతూ ప్రొఫెసర్ నా వైపు చూశారు. నేను మేస్త్రీ వైపు చూశాను.

ఆయన కళ్ళు మూసుకొని, లోపలేదో వెతుకుతున్నట్టు కాసేపు ఉండి, తల అడ్డంగా ఊపాడు. "లేదు. ఏమీ లేదు" అన్నాడు.

ఆ మాట విన్నా సీసా పెట్టలేదు. మళ్ళీ ఫిల్మ్ తీయించాం. ఈసారి గీత బుద్ధిగా కిందికి వంగి గుండెకు పైన ఆగింది. అప్పుడు సిస్టర్ గ్లూకోజు తెచ్చి తగిలించింది. బొట్లు పడటం మొదలైంది.

అయితే ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ కూడా నాకు ఒక విషయం తెమల్లేదు. అంత అరిచినా వినపడని మనిషికి ఆ నీళ్ళ చప్పుడు ఎలా వినిపించింది? మర్నాడు చెవి, ముక్కు, గొంతు విభాగంలో చదువుతున్న నా స్నేహితురాలిని బతిమాలి వార్డుకు తీసుకొచ్చాను. ఆమె తన సంచిలోంచి రకరకాల శ్రుతి కడ్డీలు తీసింది. మోచేతికి కొడితే మోగే ఇనుప కడ్డీలవి. సన్నగా కీచుమనే కడ్డీ ఆయన చెవి దగ్గర పెడితే ఉలుకూ పలుకూ లేదు. గుయ్యిమని బరువుగా మోగేది పెట్టగానే ఆయన తల తిప్పి చూశాడు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ చూశాడు. కుడి చెవి ఎడమదాని కంటే నయం.

"పూర్తిగా పోలేదు. సన్నని శబ్దాలు పోయాయి, లావు శబ్దాలు ఉన్నాయి. చెవి పక్కనే పారిన నీళ్ళ హోరు లావుదే" అంది నా స్నేహితురాలు. తర్వాత ఆయన భార్య వైపు తిరిగి, "మీరు అరిస్తే గొంతు సన్నబడి కీచుగా అవుతుందమ్మా. ఆయనకు పోయింది అదే. అరవకండి. కుడి చెవి దగ్గరగా కూర్చొని, గొంతు దించి, నిదానంగా మాట్లాడి చూడండి" అని చెప్పింది.

ఆమె నమ్మలేదు. "అరిస్తేనే వినపడందే..." అంటూ మా ఇద్దరి ముఖాలూ చూసింది. మేం కదలకపోయేసరికి మంచం పక్కన స్టూలు జరుపుకొని కూర్చుంది. ఏం మాట్లాడాలో తోచక కొంగు సవరించుకుంది. ఆమెకు గొంతు దించడం నిజంగానే కష్టమైంది. మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు సవరించుకొని, "ఇంటికి పోయి స్నానం చేసుకొని వస్తా. ఒక్కడివే ఉంటావా?" అంది.

ఆయన తల ఊపలేదు. నోరు విప్పి, "పోయిరా. నిన్నటి నుంచి నువ్వేమీ తినలే. తిని రా" అన్నాడు.

ఆమె లేవలేదు. వాళ్ళ మధ్య ఏదో నడుస్తోందని మేమిద్దరం కిటికీ వైపు వెళ్ళిపోయాం. కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరకు వచ్చింది.

"నేను ఎప్పుడూ కోపంగా ఉండాననుకొన్నాడంట డాక్టరమ్మా. ఇన్నేళ్ళూ. నేను అరిచేటప్పుడు నా మొగం అట్ట ఉంటాదంట. ఎందుకు కోపమో తెలీక, అడిగితే ఇంకా పెరుగుతాదని, ఊరికే తల ఊపేసేవాడంట."

నాకప్పటికి పెళ్ళి కూడా కాలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. రేకుల షెడ్డు చప్పుడు ఒక మనిషి చెవుల్లోంచి కొన్ని శబ్దాలను తీసుకెళ్ళిపోవడం నాకు అర్థమయ్యే సంగతే. అది ఇంకో మనిషి ముఖం మీద లేని కోపాన్ని కూడా పెట్టగలదని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఆ తర్వాత చాలా రోజులు ఆ గొట్టమే ఆయన్ని బతికించింది. కుట్టు దగ్గర కారడం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. ఒక ఉదయం సర్జన్లు నోటితో కాసిని గంజినీళ్ళు ఇవ్వమన్నారు. అవి నిలిచాయి. మరికొన్నాళ్ళకు నేనే కుట్టు కత్తిరించి గొట్టం తీశాను. తీసేటప్పుడు ఊపిరి బిగపట్టమని ఆయన కుడి చెవి దగ్గర, గొంతు దించి చెప్పాను. బిగపట్టాడు. ఆయనతో సైగలు లేకుండా నేను చేసిన మొదటి పని అది.

ప్రొఫెసర్ ఆ తర్వాత నుంచీ గొట్టం వేసిన ప్రతిసారీ, ఉప్పునీళ్ళు నొక్కేటప్పుడు, మెలకువగా ఉన్న పేషెంటును "ఏమైనా వినిపిస్తోందా?" అని అడిగేవారు. కొత్త పీజీలు నవ్వాపుకొనేవారు. ఆయన పట్టించుకోలేదు. కొందరికి గొట్టం మెడలోకి వెళ్ళినా ఏమీ వినిపించేది కాదు. కాబట్టి ఏమీ లేదన్నంత మాత్రాన ఫిల్మ్ మానకూడదని కూడా ఆయనే చెప్పేవారు. ఇప్పుడు మంచం పక్కనే సిరను తెర మీద చూస్తూ సూది గుచ్చే మిషన్లు వచ్చాయి. పని తేలికైంది. నేను మాత్రం ఇప్పటికీ అడుగుతాను. పేషెంటు ఏదైనా వింత మాట అంటే, దానికి వెంటనే ఒక కారణం అతికించి పక్కన పెట్టడం నా వల్ల కాదు. పొడి చెవి, పాత చెవుడు, ఎప్పుడూ ఉండే హోరు... ఆ రోజు మేం చెప్పుకున్న కారణాలన్నీ వినడానికి సబబుగానే ఉన్నాయి మరి.

వాళ్ళిద్దరూ తర్వాత ఒకసారి సర్జన్లకు చూపించుకోవడానికి వచ్చి, నన్ను వెతుక్కుంటూ మా విభాగానికి వచ్చారు. ఆయన బుగ్గలు కాస్త నిండాయి. షెడ్డులో మళ్ళీ రేకుల పనికి పోలేదట. యజమానితో మాట్లాడి, సరుకు కొని తెచ్చే పనికి మారాడట. ఇడ్లీ తింటున్నాడు, కారం మాత్రం ఆమె వేయనివ్వడం లేదు. ఆ ఫిర్యాదు ఆయనే నాకు చెప్పాడు.

"ఏమ్మా, కొంచెం పెట్టొచ్చు గదా" అన్నాను ఆమెతో.

"పెడతా, పెడతా" అంది ఆమె, నెమ్మదిగా, వరండాలో నాకు తప్ప ఎవరికీ వినపడనంత చిన్నగా. "కారం సంగతి విడవండి డాక్టరమ్మా. ఇప్పుడు ఈయన నోరు మూయడం లేదు. పొద్దున లేస్తే కతలు. షెడ్డు కతలు, చిన్నప్పటి కతలు, అన్నీ చెప్తా ఉండాడు. నాకు పని కాదా?"

ఆయన ఆమె ముఖం వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగి, "కోపం కాదులే పాపా" అన్నాడు. తర్వాత ఇద్దరూ పెరంబూరు రైలు అందుకోవాలని హడావుడిగా మెట్లు దిగిపోయారు.